గుండెకు మంచిదన్న మాట

మా వంటింట్లో మూడు గుడ్డలుంటాయి. గిన్నెలు తుడిచేది తెల్లది, చేతులు తుడుచుకునేది నీలం, గట్టు తుడవడానికి పాత నూలుచీర ముక్క. మూడింటికీ మూడు మేకులు. మన్సూరాబాద్‌లో ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే ఏర్పాటు. ఫిబ్రవరిలో ఒక ఉదయం మా వదిన విజయదుర్గ పొయ్యి దగ్గర నిలబడి, తెల్లగుడ్డ తీసుకుని మొహమూ మెడా తుడుచుకుంది.

"వదినా, అది గిన్నెల గుడ్డండీ."

"గుడ్డే కదమ్మా. ఉతికితే పోతుంది."

"ఉతికితే పోయేదానికి మూడెందుకు పెట్టుకున్నాను? ఒకటి చాలుగా."

"నీ పద్ధతులు సంతకెళ్ళా! ఇక్కడ మనిషి చెమటలో మునిగిపోతుంటే గుడ్డ రంగు చూసుకుని తుడుచుకోవాలా?"

హాల్లోంచి మా వారు మురళీకృష్ణ పేపరు దించకుండానే, "ఇద్దరికీ చెరో డజను గుడ్డలు కొనిపెడతాను. ముందా కాఫీ సంగతి చూడండి" అన్నారు.

"నువ్వూరుకోరా. ఫ్యాను కింద కూచుని ఎన్నైనా చెప్తావు" అని వదిన ఆ గుడ్డను సింకులో పడేసి, పీట మీద కూలబడింది. కోపంతో అనుకున్నాను. చూస్తే ఏడుస్తోంది.

వదిన మా వారికి సొంత అక్క. అరవై నాలుగేళ్ళు. మావాళ్ళంతా తణుకు వైపు. ఆవిడ భర్త గంగాధరరావుగారు విద్యుత్ శాఖలో పనిచేసి, రిటైరైన రెండో ఏడు ఎల్బీ నగర్ బస్టాపులో నిలబడినచోటే గుండె ఆగి పోయారు. పిల్లల్లేరు. ఆరేళ్ళ కిందట పెన్షన్ పుస్తకమూ కుట్టుమిషనూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అప్పట్నుంచీ ఆవిడకు తన గుండె అంటే భయం. త్రేన్పు వచ్చినా చెయ్యి ఎడమవైపుకే పోతుంది. బీపీకి రోజూ ఒక మాత్ర, షుగరేమో బోర్డర్లో ఉందన్నారు.

"పధ్నాలుగేళ్ళయిందే ముట్లాగి" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా ఈ ఆవిర్లు పోలేదు. నిద్ర లేదు. నీకు పోయాయిగా, నాకెందుకు పోవు?"

నాకు ఎందుకు పోయాయో చెప్పాలి. ముప్పై ఎనిమిదో ఏట రక్తం ఎక్కువగా పోతోందని ఒక నర్సింగ్ హోముకు వెళ్తే గర్భసంచి తీసేశారు. పనిలో పనిగా అండాశయాలూ తీసేశారు. "ఒక పాప ఉందిగా, ఇంక వాటితో పనేముంది" అన్నారు. అప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత ఆరేళ్ళు ఒళ్ళంతా మంటలు, మోకాళ్ళు పట్టేయడం, తెల్లవారేదాకా మెలకువ. మా అమ్మాయి తేజస్విని స్కూలునుంచి వచ్చి ముందు నా మొహం చూసి, ఆ తర్వాత మాట్లాడాలో వద్దో నిర్ణయించుకునేది. రెండేళ్ళ కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్ సూర్యప్రభ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పరీక్షలన్నీ చేయించి, హార్మోను మాత్ర రాసింది. ఆవిడ అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీకు అండాశయాలు చిన్న వయసులోనే పోయాయి. అందుకని మీకిది వేడి తగ్గడానికే కాదు, ఎముకలకూ గుండెకూ కూడా మంచిది. యాభై దాటేదాకా వాడండి, తర్వాత చూద్దాం."

నెల తిరిగేసరికి మనిషినయ్యాను.

మా ఇళ్ళలో మందులు చేతులు మారడం కొత్తకాదు. గ్యాసు బిళ్ళ, మోకాళ్ళ నూనె, దగ్గు సీసా, అడిగినవాళ్ళకు గోడ మీదనుంచి కరివేపాకు రెబ్బ ఇచ్చినట్టే ఇచ్చేస్తాం. "నాకు బాగా పనిచేసింది" అన్నదే చీటీ. పాలప్యాకెట్ మీద తేదీ చూడందే కొనని నేను, ఆ ఉదయం అలమారలోంచి ఒక షీటు తీసి వదిన చేతిలో పెట్టాను. గిన్నెల గుడ్డ గురించి అన్నేసి మాటలన్నందుకు సిగ్గుగా కూడా ఉంది.

"రోజుకొకటి, రాత్రి అన్నం తిన్నాక. డాక్టరమ్మ గుండెకు కూడా మంచిదంది" అన్నాను.

వదిన ఆ షీటును రెండు చేతుల్తో పట్టుకుంది. "గుండెకా?" అంది. "ముందే చెప్పొచ్చుగా, పిచ్చిదానా!"

రెండు వారాలు గడిచేసరికి ఆవిడ నిద్రపోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు మిషను ముందు కూర్చుని పాత చీరలకు అంచులు కుట్టేది. మా ఇంట్లో గిన్నెలు తోమే లచ్చమ్మ హయత్‌నగర్ నుంచి బస్సులో వస్తుంది. వదినను చూసి నవ్వింది.

"ఏందమ్మా, పెద్దమ్మ మస్తు ఉషారుగున్నది? ఏం తినవెడుతున్నవ్?"

"మాత్రలే లచ్చమ్మా" అంది వదిన, దాచుకోకుండా. "ఆవిర్లకి. మా మరదలిచ్చింది."

లచ్చమ్మ చేతిలో గిన్నె ఆపింది. "నా గర్భసంచి గూడ తీసేసిండ్రు గద, ఇరవై ఎనిమిదేండ్లకే. మా ఊర్ల సగం మందికి లేదు. నాకెవ్వలు ఇయ్యలే గసోంటి గోలీలు. ఒళ్ళు కాలుతుందంటే, గంతే ఉంటది తియ్యి అన్నరు."

నిజానికి ఆ గోలీలు అందాల్సింది ఎవరికో ఆ మాటతోనే నాకు తట్టి ఉండాలి. తట్టలేదు. వదిన ఆరోగ్యం నా చేతిచలవ అనుకుని మురిసిపోతున్నాను. మార్చిలో రెండో షీటు కూడా నేనే ఇచ్చాను.

ఆరో వారం, గురువారం. భోజనాలయ్యాక వదినా నేనూ ఆరిన బట్టలు మడతపెడుతున్నాం. ఆవిడ ఒక దుప్పటి అంచు పట్టుకుని ఆగిపోయింది.

"వీపులో పట్టేసినట్టుంది ఉదయా. దవడ కూడా లాగుతోంది."

"పొద్దున మిషను దగ్గర వంగి కూర్చున్నారుగా."

"అదేనేమో. గ్యాసు కూడా అయ్యుండొచ్చు. కాస్త జీలకర్ర నీళ్ళు కాచివ్వు."

కాచిచ్చాను. చెమటలు పట్టాయి. ఆవిరే అనుకుని ఫ్యాను పెంచాను. ముప్పావుగంట అలా గడిచింది. నెప్పి గుండెలో లేదు, ఎడమచేతిలో లేదు, కాబట్టి అది కాదని ఇద్దరం ఒకరికొకరం చెప్పుకున్నాం. చివరికి నుదురు తుడవబోతే నా చెయ్యి ఆగింది. ఆవిరి చెమట వెచ్చగా ఉంటుంది, ఆరేళ్ళు పడ్డాను, నాకు తెలుసు. ఇది చల్లగా ఉంది.

ఆటోలో ఎల్బీ నగర్ ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి మా వారు ఆఫీసునుంచి వచ్చేశారు. రక్తనాళం ఒకటి మూసుకుపోయిందన్నారు. సాయంత్రానికి స్టెంటు వేశారు. అంతకుముందు గుండె డాక్టరు కాగితాలు పట్టుకుని బయటికొచ్చి అడిగాడు.

"ఏమేం మందులు వాడతారావిడ?"

"బీపీ బిళ్ళొకటే సార్" అన్నారు మా వారు.

డాక్టరు నా వైపు చూశాడు. "అంతేనా అమ్మా?"

నా గొంతులో మాట సిద్ధంగానే ఉంది. మాత్ర పేరు, మోతాదు, ఎన్నాళ్ళనుంచో కూడా. కానీ పక్కన మా వారు సంతకాలు పెడుతున్నారు. ఇప్పుడు చెబితే పెన్ను ఆపి నా మొహం చూస్తారు.

"అంతేనండీ" అన్నాను.

ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్న సమాధానాలు చాలా ఉన్నాయి. గండం గడిచింది, ఇంక చెప్పి ఏం లాభం. ఆస్పత్రి మందులొచ్చాయి, పాతవి ఎలాగూ ఆగిపోతాయి. ఆ మాత్ర వల్లే అని ఎవరన్నారు, బీపీ ఉంది, వయసుంది. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా వదినకు మజ్జిగ కలిపి ఇస్తున్నప్పుడల్లా ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని.

ఇంటికొచ్చాక తేజస్విని వాళ్ళ అత్తకోసం ఏడు గదుల మందుల పెట్టె కొనుక్కొచ్చింది. అది డిగ్రీ అయిపోయి దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగుకు వెళ్తోంది. ఆదివారం ఆదివారం కూర్చుని, చీటీ చూసుకుంటూ గదులు నింపేది. రోజూ పదినిమిషాలు నడవమన్నారని వదిన పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్ళొచ్చేది. అంతా దారిలో పడుతోందనుకున్నాను.

పదో రోజో పదకొండో రోజో నా మాత్రలు అయిపోయి వీధి చివర మందుల షాపుకు వెళ్ళాను. షాపు వీరేందర్ నా చీటీ చూసి తల గోక్కున్నాడు.

"గదేందమ్మా, మొన్ననే గద తీస్కపోయిర్రు? అప్పుడే ఖతమైనయా?"

"నేనెక్కడ తీసుకున్నాను?"

"మీరు గాదు, పెద్దమ్మ ఒచ్చింది, సోమారం పొద్దుగాల. మీ చిట్టీ ఫోటో ఫోన్ల సూపిచ్చింది. రెండు షీట్లిచ్చిన. మీకే అనుకున్న."

"ఆవిడకి మొన్ననే స్టెంటు వేశారు వీరేందర్."

అతని మొహం మారిపోయింది. "నాకెట్ల తెలుస్తదమ్మా? నన్ను పరేషాన్ల పెట్టకుర్రి" అన్నాడు. చీటీలో ఉన్న పేరు ఎవరిదో అడగాల్సిన పని అతనిది. కానీ అతన్ని అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంటికొచ్చి నేరుగా వదిన గదిలోకి వెళ్ళి మందుల పెట్టె తెరిచాను. ఆ వారానికి మిగిలిన ప్రతి గదిలోనూ ఆస్పత్రి మాత్రల పక్కన, నాకు బాగా తెలిసిన ఆ చిన్న మాత్ర.

వదిన మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది.

"మీరివి ఆపలేదా వదినా?"

"ఆపడమేంటి? ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులే వేసుకోలేదు. ఆ నాలుగు రోజులూ నాకెంత భయమేసిందో తెలుసా?"

"ఎవరు వేసుకోమన్నారు?"

"నువ్వే చెప్పావుగా, గుండెకు మంచిదని!" ఆవిడ గొంతులో దొంగతనం లేదు, ఆశ్చర్యమే ఉంది. "జబ్బు లేనప్పుడే మంచిదైతే, జబ్బొచ్చాక ఇంకా మంచిది కాదూ? ఆ కుర్ర డాక్టరుకి ఆడవాళ్ళ సంగతులేం తెలుస్తాయి? రాయడం మర్చిపోయుంటాడు. నేనే కలుపుకున్నాను."

నేను మంచం అంచున కూర్చున్నాను. "నేను అడిగొస్తాను. అప్పటిదాకా వేసుకోకండి."

"ఏం, నీకు తక్కువవుతున్నాయా? నీ అలమార ముట్టుకోలేదమ్మా, నా పెన్షన్‌తో కొనుక్కున్నాను." తర్వాత నా మొహం చూసి కాస్త తగ్గింది. "మురళీకి చెప్పకు. చెబితే నిన్నే అంటాడు. నా కోసం నువ్వు మాటపడటం నాకిష్టం లేదు."

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. నేను పెట్టెలోంచి ఆ మాత్రలన్నీ ఏరి కొంగున ముడేసుకున్నాను. కానీ రెండు షీట్లలో మిగిలినవి ఎక్కడున్నాయో ఎంతడిగినా చెప్పలేదు.

ఆ శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. హాస్టల్ బోర్డుల కిందనుంచి, సంచులు మోసుకెళ్ళే కోచింగు పిల్లల మధ్యనుంచి నడుస్తుంటే తేజస్విని ఎదురుపడుతుందేమోనని తల వంచుకున్నాను. డాక్టర్ సూర్యప్రభ నేను చెప్పిందంతా అడ్డురాకుండా వింది.

"ఆవిడకి గర్భసంచి ఉందా?"

"ఉంది మేడమ్."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మీకు లేదు కాబట్టి మీకు ఒక్క హార్మోనే ఇచ్చాను. గర్భసంచి ఉన్నవాళ్ళకి అది ఒక్కటే ఇవ్వకూడదు, లోపలి పొర పెరుగుతుంది. స్కాన్ చేయాలి. అది ఒక సంగతి. నేను మీతో ఏమన్నానో గుర్తుందా?"

"ఎముకలకూ గుండెకూ మంచిదన్నారు."

"దానికి ముందు?"

"మీకు అండాశయాలు చిన్న వయసులోనే పోయాయి, అన్నారు."

"ఆ మాట ఆవిడకి చెప్పారా?"

"లేదు."

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. నా వయసుకు ఒంట్లో ఉండాల్సినది లేకపోతే తిరిగి ఇస్తున్నారట, అంతే. ముట్లాగి పదేళ్ళు దాటాక, అరవై దాటాక రక్తనాళాలు వేరేగా ఉంటాయట. అప్పుడు కొత్తగా మొదలుపెడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం, గుండెపోటు, పక్షవాతం పెరుగుతాయట. బీపీ ఉన్నవాళ్ళకు మరీను. స్టెంటు పడినవాళ్ళకు అసలు ఇవ్వరట.

"గుండెను కాపాడ్డానికని ఏ ఆడమనిషికీ నేనిది రాయను ఉదయలక్ష్మిగారూ."

"ఆ మాత్ర వల్లే వచ్చిందా మేడమ్?"

"అదే చేసిందని చెప్పలేను. చేయలేదని కూడా చెప్పలేను. ఆవిడ గుండె డాక్టరుకి మాత్రం ఇది తెలియాలి. మందు ఈ రోజే ఆగాలి. ఆవిర్లు బాధిస్తుంటే హార్మోన్లు కాని మందులున్నాయి, తీసుకురండి, చూస్తాను."

"నేను కూడా మానేస్తాను" అన్నాను.

"ఎందుకు, శిక్షా?" ఆవిడ మొదటిసారి విసుక్కుంది. "మీకు నలభై ఆరు. భయపడి మానేస్తే ఆవిడకు ఒరిగేదేమీ లేదు, మీ ఎముకలూ గుండే దెబ్బతింటాయి."

తిరిగి వస్తూ మెట్రోలో ఒక కాగితం మీద తారీకులు రాసుకున్నాను. మొదటి షీటు ఎప్పుడిచ్చానో, రెండోది ఎప్పుడో, ఆస్పత్రిలో ఎన్ని రోజులు ఆగిందో, మళ్ళీ ఎప్పుడు మొదలైందో. "అంతేనండీ" అన్న రోజు తారీకు కూడా. శనివారమంతా ఆ కాగితం నా దగ్గరే ఉంది. మా వారు రెండుసార్లు ఒంటరిగా కనబడ్డారు. రెండుసార్లూ వేరే మాట మాట్లాడాను. వదిన ఆ రాత్రి మాత్ర వేసుకుందో లేదో తెలియదు. తెలియకుండానే ఇంకొక రోజు గడిపాను.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం భోజనానికి కూర్చున్నాం. ఉప్పు తగ్గించిన ములక్కాడ పులుసు, దొండకాయ కూర. మా వారు ఒక ముద్ద తిని, "ఆస్పత్రి క్యాంటీన్‌లో కూడా ఇంతకన్నా ఉప్పుండేదే" అన్నారు.

"తినరా, తిను. నా పుణ్యమా అని నీ బీపీ కూడా దిగుతుంది" అంది వదిన. తేజస్విని నవ్వింది.

"జబ్బు నీకు చేస్తే పథ్యం నాకా అక్కా" అని ఆయన ఇంకేదో అనబోతుంటే, నేను చెప్పేశాను. ఏ మాత్రో, ఎవరిచ్చారో, ఆస్పత్రిలో డాక్టరు అడిగితే నేనేమన్నానో, సోమవారంనాటి షీట్ల సంగతి, శుక్రవారం దిల్‌సుఖ్‌నగర్ సంగతి. వరసగా, ఆపకుండా చెప్పాను. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

మా వారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "నువ్వా?" అన్నారు. "ఉప్పు ప్యాకెట్ మీద కూడా అక్షరమక్షరం చదివే నువ్వా ఇచ్చింది?"

"నేనే అడిగాన్రా" అంది వదిన గబగబా. "ఏడ్చి అడిగాను. దాన్నేమీ అనకు."

"డాక్టరు ముందు అంతే అంది! నా పక్కన నిలబడి అంది!" ఆయన గొంతు లేచింది. "ఇంక ఆ దరిద్రపు మాత్ర ఒక్కటి కూడా ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. నీవి కూడా. అన్నీ ఇప్పుడే చెత్తబుట్టలో పడాలి."

"నాన్నా" అంది తేజస్విని. "అమ్మ అంతకుముందు ఎలా ఉండేదో మర్చిపోయావా? నేను మర్చిపోలేదు."

"నువ్వు మధ్యలో రాకు."

వదిన అన్నం పక్కకు జరిపి నా వైపు తిరిగింది. ఆవిడ చెయ్యి అలవాటుగా ఎడమవైపుకు వెళ్ళింది.

"అయితే ఇదంతా నువ్విచ్చినదాని వల్లేనా ఉదయా?"

"తెలీదు వదినా. డాక్టరమ్మకీ తెలీదట."

"కాదని చెప్పకూడదూ?"

చెప్పాలనిపించింది. ఆవిడ అడుగుతున్నది అదొక్కటే. ఒక్క మాట అంటే ఆవిడ ఈ పూట అన్నం తింటుంది.

"చెప్పలేను" అన్నాను. "తెలియని మాట ఒకసారి చెప్పాను. చాలు."

వదిన లేచి, చెయ్యి కడుక్కోకుండానే తన గదిలోకి వెళ్ళింది. కుట్టుమిషను సొరుగు లాగిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చి రెండు షీట్లు నా కంచం పక్కన పెట్టింది. ఒక దాంట్లో శుక్రవారం, శనివారం వేసుకున్న మాత్రల గుంటలు కూడా ఖాళీగా ఉన్నాయి.

నేను కాగితం తీసి ఆ రెండు తారీకులూ కలిపాను. ఆ తర్వాత మా వారితో అన్నాను.

"రేపు పదకొండింటికి వదినకి గుండె డాక్టరు దగ్గర చెకప్పుంది. మీరు రండి, రాకపోండి, నేను వెళ్తున్నాను. ఆయన అడక్కముందే ఇదంతా నేనే చెప్తాను, నేనే దాచానని కూడా చెప్తాను. అక్కణ్ణుంచి వదినని దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్ళి స్కాన్ చేయిస్తాను. నేను వేసుకునేది మాత్రం మానను. మీరు పారేస్తే మళ్ళీ కొనుక్కుంటాను."